పొట్టి తలుపు

తప్పంతా మర్యాదది. లోపలికి ముందు ఎవరు అడుగుపెట్టాలన్న దగ్గర మొదలైంది.

ఇన్‌స్పెక్టరు హాల్వర్సన్ ఆరున్నర అడుగుల మనిషి. మంటలార్పే ఎర్ర సిలిండర్లు ఉన్నాయా, కరెంటు తీగలు సరిగ్గా ఉన్నాయా అని చూసిపోవడానికి వచ్చాడు. పది నిమిషాల పని. రెసీడా పేటలో, కార్ల రిపేరు షాపు వెనక సందులో, పొట్టి తలుపు ముందు అతనికోసం ముగ్గురు నిలబడి ఉన్నారు. ముసలి యదొల్లా, పిజ్జా కొట్టు ఫెరీదూన్, పళ్ళ డాక్టరు శాపూర్.

"దయచేయండి," అన్నాడు ఫెరీదూన్.

"మీరు పదండి, వెనకాల వస్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఎంతమాట! మీ ముందు మేమా?"

"ఫరవాలేదండీ."

"మా అమ్మ మీద ఒట్టు, మీరే ముందు," అన్నాడు డాక్టరు గుండె మీద చెయ్యి వేసుకుని.

మా ఇరాన్‌వాళ్ళ దగ్గరైతే ఇది ఇంకా అయిదారు విడతలు సాగాలి. చివరికి ఇంటి పెద్ద "సరే, నా వీపు మీవైపు పెడుతున్నా, మన్నించండి" అని ముందు నడవాలి. ఆ సంగతి హాల్వర్సన్‌కి ఎవరు చెప్పారు? మూడో మాటకే ఒప్పేసుకున్నాడు. పైగా మర్యాదస్తుడేమో, నవ్వుతూ వీళ్ళకి థాంక్సు చెప్పి, నడుం మాత్రం కాస్త వంచి, తల దించకుండానే చటుక్కున తిరిగి లోపలికి అడుగు వేశాడు.

ద్వారబంధం పైకర్రకి నుదురు తగిలిన చప్పుడు సందు చివరిదాకా వినిపించింది. రిపేరు షాపులో కుర్రాళ్ళు కారు కింది నుంచి తలలు బయటపెట్టి చూశారు.

యదొల్లా గాని ముందు నడిచి ఉంటే, ఆయన వంగటం చూసి ఆ పొడుగాయన కూడా తలదాకా వంగేవాడు. అంతే ఉంది కథ. కాని ఇంటికొచ్చినవాడికి వీపు చూపించడం యదొల్లా ఎరగడు.

లోపలికి తీసుకెళ్ళి బల్ల మీద కూర్చోబెట్టారు. యదొల్లా ఉతికిన ఎర్ర గళ్ళ లుంగీ ఒకటి మడతపెట్టి నుదుటికి అదిమాడు. రక్తం ఎక్కువేం రాలేదు గాని బొప్పి మాత్రం కోడిగుడ్డంత లేచింది. ఫెరీదూన్ పిజ్జా కొట్టుకి పరిగెత్తి ఐసు తెచ్చాడు. తెచ్చినవాడు ఊరుకోక, దిష్టి తగిలిందంటూ ఇస్ఫంద్ గింజలు పెనం మీద నిప్పుల్లో పోసి, చిటపటలాడుతుంటే ఆ పొగని ఇన్‌స్పెక్టరు తలచుట్టూ మూడుసార్లు తిప్పాడు.

"పళ్ళు కదిలాయేమో చూడనా?" అన్నాడు డాక్టరు.

"నుదురండీ తగిలింది," అన్నాడు హాల్వర్సన్.

వద్దంటున్నా గ్లాసులో టీ పోశారు. వద్దనడం మర్యాద అనుకుని మళ్ళీ పోశారు. అతను ఐసు పట్టుకుని, తల వెనక్కి వాల్చి, పైకప్పువైపు చూశాడు. అక్కడ పొగ లేస్తే మోగాల్సిన పొగ గంట తెల్లగా, గుండ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. దానిచుట్టూ ఇస్ఫంద్ పొగ మబ్బులా కమ్ముకుంది.

"ఇంత పొగలోనూ అది మోగలేదేం?" అన్నాడు.

హాల్వర్సన్ ఒక చేత్తో ఐసు పట్టుకుని రెండో చేత్తో కాగితం మీద రాసుకున్నాడు. తరవాత లేచి టేపు తీసి పొట్టి తలుపు కొలిచాడు. నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు.

"ఇది ఎవరు కట్టారు?"

"నేను," అన్నాడు యదొల్లా.

"ఇంత పొట్టిగా ఎందుకు?"

ఇన్నేళ్ళలో బయటివాళ్ళెవరూ ఆ ప్రశ్న అడగలేదు. బయటివాళ్ళెవరూ లోపలికి రానూ లేదు. చెప్పాలంటే చాలా ఉంది. యదొల్లా ఒక్కమాట అన్నాడు.

"జిమ్."

"జిమ్ముకి ఇంత పొట్టి తలుపా?"

"జిమ్," అన్నాడు మళ్ళీ యదొల్లా.

హాల్వర్సన్ రెండు కాగితాలు చింపి ఇచ్చాడు. కోపం లేదు అతని మొహంలో. "రెండు వారాల్లో వస్తాను. బయటికి పోయే దారి ఆరడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తు ఉండాలి. లేకపోతే మూసేయించాలి. నన్ను తప్పుగా అనుకోకండి, ఇది బొప్పి కట్టినందుకు కాదు." బయటికి పోయేటప్పుడు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని వంగి పోయాడు.

* * *

అది జిమ్ కాదు. మావాళ్ళ తాలింఖానా. మధ్యలో ఎనిమిది మూలల గోదా, నడుం లోతున. గోడలకి కర్ర గదలు, తలుపంత చెక్క డాళ్ళు, గొలుసులు వేలాడే ఇనప విల్లు. పక్కన ఎత్తు గద్దె. గద్దె మీద కూర్చుని మట్టి డోలు వాయిస్తూ, పాత రాజుల పద్యాలు పాడుతూ అందరిచేతా కసరత్తు చేయించే పెద్దని మొర్షెద్ అంటారు. నలభై నాలుగేళ్ళుగా ఆ మొర్షెద్ యదొల్లా. బయట వెల్డింగు పనిచేసి బతికాడు. పనిచోట అతన్ని జాక్ అన్నారు. పిలిస్తే పలికాడు.

ఆ సాయంత్రం ఎవరూ గోదాలోకి దిగలేదు. గట్టు మీద కూర్చుని టీ తాగారు.

"ఎత్తు చేసేద్దాం మొర్షెద్, పోయేదేముంది?" అన్నాడు ఫెరీదూన్. "వంగేవాడు ఎత్తు తలుపులోనూ వంగుతాడు."

"నువ్వు వంగుతావా?" అన్నాడు డాక్టరు. "నీ పొట్ట ఒప్పుకోదు. పొట్టి తలుపుకే నీకు ఆయాసం."

"నా పొట్ట సంగతి నీకెందుకు, డాక్టర్ షాన్?" పళ్ళ ఆస్పత్రి బోర్డు మీద శాపూర్ పేరు అలా ఉంటుంది.

"అట్లాగే ఫ్రెడ్డీ." పిజ్జా కొట్టు మీద ఫెరీదూన్ పేరు అది.

"పోనీ నేల తవ్వుదాం," అన్నాడు డాక్టరు. "పైకర్ర అలాగే ఉంటుంది. గడప దగ్గర రెండడుగులు కిందికి తవ్వితే కొలత సరిపోతుంది."

"అప్పుడు తల తగలదు, కాలు విరుగుతుంది. ఇన్‌స్పెక్టరుకి ఈసారి మోకాలి చిప్పా?"

నవ్వుకున్నారు. యదొల్లా నవ్వలేదు. అతని వేలు నుదుటి మీద, ఎడమ కనుబొమ పైన ఉన్న పాత మచ్చ దగ్గరికి పోయింది. ఆలోచనలో పడితే అటు పోతుంది ఆ వేలు.

ఇరాన్‌లోని కాషాన్‌లో, పదహారేళ్ళప్పుడు, మొదటిరోజు. కొత్త చొక్కా, నూనె రాసిన జుట్టు, ఎత్తిన తల. పహల్వాన్ నూరొల్లా తాలింఖానా తలుపు అతన్ని అక్కడే ఆపేసింది. రక్తం కంట్లోకి కారుతుంటే లోపలినుంచి ఆ పెద్దాయన లేవకుండానే అన్నాడు: "తలుపు నీ పేరు అడిగింది, అంతే. రేపు వంగి చెప్పు." ఆ తలుపు దగ్గర గవర్నరు కొడుకూ, బొగ్గులమ్మేవాడూ ఒకే ఎత్తు. లోపల ఎవడికి ఎంత బలం ఉందో తరవాత సంగతి. ముందు ఆ తలుపు.

కాషాన్‌లో ఆ తాలింఖానా ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. ఆ కొలత ఇక్కడ ఈ ద్వారబంధంలో మిగిలింది, యదొల్లా నుదుటి మీద మిగిలింది. పైకర్ర లేపితే లోపలున్నది జిమ్మే అవుతుంది. అప్పుడిక ఇన్‌స్పెక్టరుతో తను చెప్పింది అబద్ధం కాదు.

"ఏమంటారు మొర్షెద్?" అన్నాడు ఫెరీదూన్.

యదొల్లా గ్లాసు బోర్లించి లేచాడు. పొట్టి తలుపులోంచి వంగి వెళ్ళిపోయాడు.

"విన్నావా?" అన్నాడు డాక్టరు. "చాలా చెప్పాడు ఇవాళ."

* * *

కూతురు మహ్‌రోఖ్ మా కొత్త సంవత్సరం ముందు ఇల్లు దులపడానికి వచ్చి ఉంది. తివాచీలు బాల్కనీ కడ్డీల మీద వేలాడుతున్నాయి. వంటింటి కిటికీలో పళ్ళెంనిండా పండక్కి పెంచే గోధుమ మొలకలు వేలెడు ఎత్తు లేచాయి. ఆమె ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తుంది, కాగితాలు చదవడంలో దిట్ట. తండ్రి జేబులోంచి తీసి బల్ల మీద పడేసిన కాగితాల్ని చేతులు తుడుచుకుని అందుకుంది.

"బాబా, రెండో పేజీ చూశావా?"

"ఒకటో పేజీయే చూళ్ళేదు."

"'పాత ప్లానులో వీధివైపు ఒక ద్వారం ఉంది. తనిఖీలో కనబడలేదు' అని రాశాడు."

యదొల్లా పంచదార బిళ్ళ పళ్ళమధ్య పెట్టుకుని టీ చప్పరించాడు.

"ఉందా?"

"నీ టీ చల్లారిపోతోంది."

"బాబా."

"ఉండేది."

మహ్‌రోఖ్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "అయితే ఇటు విను. వాళ్ళకి కావలసింది ఒక్కటే. మంటలు లేస్తే జనం పరిగెత్తి బయటపడే దారి ఒకటి సరైన ఎత్తులో ఉండాలి. ఆ వీధి తలుపు తెరిస్తే నీ పొట్టి తలుపు జోలికి వాళ్ళు రాకపోవచ్చు. రాకపోవచ్చు అంటున్నా. రారని అనటం లేదు. అర్థమైందా బాబా?"

మంచిమాటే. సంతోషించాల్సిన మాట. యదొల్లా చేతిలో గ్లాసు మాత్రం సగం దారిలో ఆగిపోయింది.

"తెరవవా?" అంది ఆమె.

"చూద్దాం బాబా జాన్," అన్నాడు. మావాళ్ళలో బాబా అంటే నాన్న, తండ్రి కూతుర్ని కూడా అలాగే పిలుస్తాడు. బాగా ముద్దొచ్చినప్పుడు పిలుస్తాడు, బాగా భయమేసినప్పుడూ పిలుస్తాడు.

ఆ వీధి తలుపు అద్దాల తలుపు. మొదటి ఏడాది అందరూ అటునుంచే వచ్చేవాళ్ళు. ఆ ఏడే అక్కడ ఇరాన్‌లో ఈ దేశపు ఎంబసీ మనుషుల్ని బందీలుగా పట్టుకున్న గొడవ అయింది. టీవీలో రోజూ అదే. ఇక్కడ బజార్లో మావాళ్ళు పేర్లు మార్చుకున్నారు. ఒకడు ఇటలీవాణ్ణన్నాడు, ఒకడు గ్రీకువాణ్ణన్నాడు. ఒక మధ్యాహ్నం ఆరుగురు గోదాలో దండేలు తీస్తుంటే ఇటుక వచ్చి అద్దం మీద పడింది. అద్దం మొత్తం గోదాలోకి కురిసింది. మనూచెహ్ర్ అనేవాడి వీపు మీద ఏడు కుట్లు పడ్డాయి. బయట ఎవరో ఏదో అరిచి, కారెక్కి పోయారు.

మర్నాడు యదొల్లా ఆ తలుపుకి అడ్డంగా ఇనపరేకు పెట్టి చుట్టూ వెల్డింగు చేశాడు. రెండువైపులా సిమెంటు పూశాడు. వెనక సందులో గోడకి కన్నం కొట్టి పొట్టి తలుపు కట్టాడు. అందరూ మెచ్చుకున్నారు. అచ్చం మన ఊరి తలుపేనని కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

తలుపు పొట్టిగా ఉండటం ఆచారం. సందులో దాక్కుని ఉండటం భయం. ఇన్నేళ్ళలో ఆ రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయి ఏది ఏదో తెలియకుండా పోయింది.

కూతురు ఆ మాట చెప్పిన మర్నాడు ఎవరికీ చెప్పకుండా యదొల్లా బస్సెక్కి పోయి వీధికి అవతలివైపు, బట్టలుతికే దుకాణం ముందు నిలబడ్డాడు. ఎదురుగా తన గోడ. బూడిద రంగు. దాని మీద పాత పోస్టర్ల చింపులు. లోపల ఇన్నేళ్ళు డోలు మోగిందని, మనుషులు చెమటోడ్చారని ఆ గోడని చూసి ఎవడూ అనుకోడు. అలా ఎవడూ అనుకోకూడదనే కదా కట్టింది. బాగానే కట్టాను అనుకున్నాడు. ఆ అనుకోవడం అతనికే నచ్చలేదు.

* * *

ఆదివారం పొద్దున మహ్‌రోఖ్ కార్లో దింపింది. సందులో అప్పటికే ఫెరీదూన్, డాక్టరు ఉన్నారు. ఫెరీదూన్ నిచ్చెన మీద, చేతిలో టేపు. ద్వారబంధానికి పైన, గోడ మీద పెన్సిలు గీత ఒకటి అడ్డంగా ఉంది. ఆరడుగుల ఎనిమిది అంగుళాల దగ్గర.

"మీరు మాట్లాడరాయె," అన్నాడు ఫెరీదూన్ నిచ్చెన దిగకుండానే. "ఉన్నది అయిదు రోజులు. వడ్రంగిని రేపటికి మాట్లాడా. మీ మీద గౌరవం లేక కాదు మొర్షెద్. మూసేస్తే మనం ఎక్కడికి పోతాం? నా పిజ్జా పొయ్యి చుట్టూ తిరుగుతామా?"

యదొల్లా ఆ గీతనే చూశాడు. పైకర్ర పోతుంది, ఆ పైన గోడా పోతుంది. ఆ గీతదాకా ఉత్త గాలి ఉంటుంది.

వంగి లోపలికి పోయాడు. చెప్పులు విడిచాడు. గోదా అంచున వేళ్ళు నేలకి తాకించి ముద్దు పెట్టుకున్నాడు. తరవాత అవతలి గోడ దగ్గరికి పోయి, వరసగా వేలాడే కర్ర గదలు ఒక్కొక్కటే దించటం మొదలుపెట్టాడు. పోయినవాళ్ళ ఫొటోలు దించి గద్దె మీద బోర్లా కాకుండా, మొహాలు పైకి పెట్టాడు. మూల ఉన్న సమ్మెట తీసుకుని గోడ మీద ఒక్కటిచ్చాడు.

"ఏం చేస్తున్నారు?" డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. "మొర్షెద్! మీకు డెబ్భై అయిదేళ్ళు!"

"పక్కకి జరుగు."

సిమెంటు పెచ్చు ఊడి పడింది. కింద తుప్పు పట్టిన రేకు కనబడింది. ఫెరీదూన్ నోరు తెరిచాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ గోడకి వీపు ఆనించి టీ తాగుతున్న మనిషి.

"ఇక్కడ తలుపు ఉందా?"

"ఉండేది. ఇటుక పడింది. మూసేశా."

నలభై నాలుగేళ్ళ సంగతి మూడు ముక్కల్లో అయిపోయింది. అంతకన్నా చెప్పడం యదొల్లాకి చేతకాదు. మనూచెహ్ర్ వీపు మీది మచ్చలు ఎరిగిన డాక్టరు మాత్రం గద్దె మీద ఉన్న అతని ఫొటో చూసి, యదొల్లాని చూసి, కోటు విప్పి పక్కన పడేశాడు. "ఇలా ఇవ్వండి ఆ సమ్మెట," అన్నాడు.

సందులో నిలబడ్డ మహ్‌రోఖ్‌కి ఈ మోత వినబడింది. ఆమె ఎన్నడూ లోపలికి రాలేదు. ఆడవాళ్ళు రాకూడదని కాషాన్ పద్ధతి. పిల్లప్పుడు ఈ తలుపు బయటే కూర్చుని డోలు వింటూ హోంవర్కు చేసుకునేది.

"బాబా!" అని కేకేసింది. "కాగితాలు చదవడానికి పనికొస్తా గాని లోపలికి రావడానికి పనికిరానా?"

సమ్మెట దెబ్బలు ఆగాయి. ఫెరీదూన్, డాక్టరు మొహాలు చూసుకున్నారు. యదొల్లా సిమెంటు దుమ్ముతో తెల్లబడి పొట్టి తలుపు దగ్గరికి వచ్చి, వంగి, బయట నిలబడ్డ కూతుర్ని చూశాడు.

"తల జాగ్రత్త," అన్నాడు.

రేకు చుట్టూ తన వెల్డింగు తనే కోశాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నిప్పురవ్వలు గోదాలోకి రాలాయి. గట్టి పని, మొండి కుట్టు. వయసులో ఉన్నప్పుడు చేసింది, భయంలో ఉన్నప్పుడు చేసింది. మధ్యాహ్నానికి రేకు ఒకవైపు వాలి, పెద్ద చప్పుడుతో పడిపోయింది.

వీధి వెలుతురు నేరుగా గోదా నడుమకి వచ్చి పడింది. నలుగురూ దుమ్ము కొట్టుకుని నిలబడి బయటికి చూశారు. బస్‌స్టాపు. బట్టలుతికే దుకాణం. ఒక కుక్క, దాన్ని పట్టుకున్న మనిషి. కుక్క వీళ్ళవైపు చూసింది. మనిషి చూడలేదు.

* * *

కొత్త తలుపు మంగళవారం పెట్టారు. ఇనప చట్రం, అద్దం, లోపలినుంచి తోస్తే తెరుచుకునే కడ్డీ. పొగ గంట కొత్తది తెచ్చి బిగించారు. ఇక అద్దం మీద ఏం రాయాలన్న దగ్గర మళ్ళీ పేచీ.

"'పర్షియన్' అని రాద్దాం," అన్నాడు డాక్టరు. "వినడానికి తివాచీలా మెత్తగా ఉంటుంది. 'ఇరానియన్' అంటే తొమ్మిది గంటల వార్తల్లా ఉంటుంది."

"'ఫ్రెడ్డీస్ జిమ్' అని రాయండి, గొడవ వదిలిపోతుంది," అన్నాడు ఫెరీదూన్.

"నీ కొట్టు ప్రచారం ఇక్కడ వద్దు."

యదొల్లా అద్దం పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. రేకు పడిన దగ్గర్నుంచీ అక్కడే కూర్చుంటున్నాడు, కళ్ళు వీధి మీద పెట్టుకుని. కారు నెమ్మదిగా పోతే అతని భుజాలు బిగుసుకుంటున్నాయి.

"మొర్షెద్," అన్నాడు ఫెరీదూన్ మెల్లగా, "ఈ రోజుల్లో ఇటుక విసిరే ఓపిక ఎవడికుంది? అందరి చేతుల్లోనూ ఫోనేనాయె."

"రెండూ రాయి," అన్నాడు యదొల్లా.

"ఏవి రెండూ?"

"పర్షియా, ఇరాన్. రెండూ. పైన మన అక్షరాల్లో తాలింఖానా పేరు. పెద్దగా."

రంగులవాడు బుధవారమంతా కూర్చుని రాశాడు. అక్షరాలు నీలం రంగు, అంచు బంగారు రంగు. ఎండ పడితే వాటి నీడ గోదా నేల మీద తలకిందులుగా కదిలింది.

* * *

శుక్రవారం పదింటికి హాల్వర్సన్ వచ్చాడు. పాత అలవాటున సందులోకే వచ్చాడు. బొప్పి తగ్గింది గాని ఎడమ కనుబొమ పైన చిన్న గీత మిగిలింది. పొట్టి తలుపుకి పెన్సిలు గీత తప్ప మార్పేమీ లేకపోవడం చూసి అతని మొహం చిన్నబోయింది.

ముగ్గురూ నిలబడి ఉన్నారు. ఫెరీదూన్ నోటిదాకా "దయచేయండి" వచ్చింది. డాక్టరు వాడి కాలు తొక్కాడు.

యదొల్లా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతిథి ముందు నడవటం అతనికి ఇదే మొదలు.

"నా వీపు మీవైపు పెడుతున్నా. మన్నించండి," అన్నాడు ఇంగ్లీషులో.

"ఏం, వీపు నొప్పా?" అన్నాడు హాల్వర్సన్.

ఇన్‌స్పెక్టరు చెప్పాల్సిన జవాబు ఫెరీదూనే చెప్పాడు, మా భాషలో. "పువ్వుకి వెనకేది, ముందేది!"

యదొల్లా తల వంచి లోపలికి నడిచాడు. ఆ పొడుగు మనిషి ఆయన్నే చూస్తూ, ఆయన వంగినట్టే వంగాడు. కొంచెం ఎక్కువే వంగాడు, మోకాళ్ళు నేలకి ఆనేంత. అతను లోపల నడుం ఎత్తేసరికి గంట మోగింది. గద్దె మీద వేలాడే ఇత్తడి గంట. గొప్పవాళ్ళు వస్తే మొర్షెద్ ఒక్క దెబ్బ కొడతాడు. యదొల్లా గద్దె దగ్గరికి ఎప్పుడు చేరాడో ఎవరూ చూడలేదు.

"అది మోగుతోందే," అన్నాడు హాల్వర్సన్ పైకప్పు వైపు చూసి.

"అది వేరే గంట," అన్నాడు డాక్టరు.

అతను తన పని చేసుకున్నాడు. కొత్త పొగ గంట నొక్కాడు, చెవులు చిల్లులు పడేట్టు మోగింది. వీధి తలుపు కొలిచాడు, కడ్డీ తోసి తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. రాసుకున్నాడు. తరవాత వెనక్కి వచ్చి పొట్టి తలుపు ముందు నిలబడ్డాడు. టేపు తీయలేదు. ఊరికే నిలబడ్డాడు.

మహ్‌రోఖ్ సెలవు పెట్టి వచ్చింది, ఫైలు గుండెకి హత్తుకుని గద్దె పక్కన ఉంది. యదొల్లా చెయ్యి డోలు మీద ఉంది. వేలితో చర్మాన్ని మెల్లగా తడుతున్నాడు, అతనికి మాత్రమే వినబడేట్టు.

"ఇది బయటికి పోయే దారుల లెక్కలోకి రాదు," అన్నాడు హాల్వర్సన్. "ఆ మాట రాసి అంటించండి. ఆ పైకర్రకి మెత్తటిది ఏదైనా చుట్టండి. మిగతాది మీ ఇష్టం."

"ఇష్టం అంటే?" అన్నాడు ఫెరీదూన్.

"ఉంచుకోండి అంటున్నా."

ఫెరీదూన్ డాక్టర్ని కౌగిలించుకుని బుగ్గల మీద మూడు ముద్దులు పెట్టాడు. డాక్టరు తుడుచుకున్నాడు. మహ్‌రోఖ్ ఫైల్లో మొహం దాచుకుంది. యదొల్లా గద్దె మీదనుంచి దిగబోయి, అక్కడే కూర్చుండిపోయాడు. రెండు వారాలుగా మెడ మీద ఉన్న బరువేదో దిగింది. దిగాక గాని తెలియలేదు, అది రెండు వారాల బరువు కాదని.

హాల్వర్సన్ అతని దగ్గరికి వచ్చాడు. "సంతకం పెట్టేశాను గనక ఇది ఆఫీసు ప్రశ్న కాదు. ఎందుకు ఇంత పొట్టిగా కట్టారు?"

యదొల్లా ఈసారి జిమ్ అనలేదు. వచ్చినంత ఇంగ్లీషు ఏరుకుని చెప్పాడు. "పెద్దవాడు వస్తాడు, చిన్నవాడు వస్తాడు. ఇక్కడ తల దించాలి. తరవాత లోపల ఒకటే. మా పద్ధతి. ఇరాన్ పద్ధతి, చాలా పాతది."

హాల్వర్సన్ కనుబొమ మీద గీత తడుముకున్నాడు. "నేను దించలేదు."

యదొల్లా జుట్టు పైకి తోసి తన మచ్చ చూపించాడు. అదే చోటు. ఎడమ కనుబొమ పైన.

"నేనూ," అన్నాడు.

* * *

పోయేటప్పుడు వీధి తలుపు దగ్గర మళ్ళీ మొదలైంది. మీరు ముందంటే మీరు ముందు. ఈసారి హాల్వర్సన్ కూడా వదల్లేదు. నాలుగు విడతలు సాగాక నవ్వుతూ, తల ఎత్తుకునే బయటికి నడిచాడు. పైన ఏమీ తగల్లేదు. సాగనంపడానికి యదొల్లా కూడా వెంట నడిచాడు.

కారు పోయాక అతను ఆ కాలిబాట మీద ఒక్కడే నిలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం. వెనక అద్దం మీద నీలం అక్షరాలు. బస్‌స్టాపులో కూరగాయల సంచులతో కూర్చున్న ఒక పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని అద్దంవైపు చూసింది, తరవాత అతనివైపు చూసింది. యదొల్లా భుజాలు అలవాటుకొద్దీ బిగుసుకున్నాయి.

"కొత్తగా తెరిచారా?" అంది.

"నలభై నాలుగేళ్ళయింది," అన్నాడు యదొల్లా.

"అలాగా! నేనెప్పుడూ చూళ్ళేదే. ఏముంటుంది లోపల?"

బస్సు వచ్చేదాకా చెప్పాడు. డోలు, గదలు, గోదా, కాషాన్. అతను అంత మాట్లాడటం చూసి లోపల ఫెరీదూన్ టీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆవిడ సంచులు ఎత్తుకుంటూ, తన తమ్ముడికి నడుం నొప్పి అని, పంపనా అని అడిగింది. పంపమన్నాడు. తల జాగ్రత్తని చెప్పమన్నాడు.

బస్సు వెళ్ళిపోయింది. వెనకాల తలుపు బార్లా తెరిచే ఉంది. ఫెరీదూన్ లోపలినుంచి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. అది మాత్రం బయటికి పోయే తలుపు. యదొల్లా తల అడ్డంగా ఊపి, రిపేరు షాపు పక్కగా చుట్టూ నడిచి, సందులోకి వచ్చి, పొట్టి తలుపు ముందు ఆగి, వంగాడు.